మార్తమ్మ దగ్గు

సాలూరు ఘాటీ మలుపుల్లో లోడు లారీని ఒంటిచేత్తో తిప్పే జక్కరయ్యకి చర్చిలో మైకు పట్టుకుంటే వణుకు. సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా కళ్లు మూసుకుని మొదలెట్టేవాడు గానీ, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ఆడవాళ్ల చాపల మీంచి పెళ్లాం మార్తమ్మ దగ్గితేనే "ఆమేన్" అని కూలబడేవాడు. ఇవాళ ఆమె శవపేటిక పక్కన నిలబెట్టి, "అప్ప గురించి రెండు ముక్కలు సెప్పు బావా" అని ఆమె తమ్ముడు మైకు అందించాడు. జక్కరయ్య కళ్లు మూసుకుని ఆమె పెళ్లిచీర దగ్గర మొదలెట్టి, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాడు. తను ఆపితే మూత బిగించేస్తారు. "ఇక సాలు బావా," అన్నాడు బావమరిది భుజం పట్టుకుని. "ఉండరా," అన్నాడు జక్కరయ్య కళ్లు తెరవకుండానే, "అదింకా దగ్గనేదు."