గ్రేస్ వదిన ఎలుకకి కట్టిన ఇల్లు

రాయకూడదనే అనుకున్నాను. ఫేస్‌బుక్‌లో ఏడవడం నాకు చేతకాదు. పైగా కళ్లజోడు కాడ విరిగింది.

కానీ నిన్న రేపల్లెలో, సమాధి దగ్గర మట్టి వేసి చేతులు దులుపుకుంటూ ఎవరో ఒక మాటన్నారు. అందుకని రాస్తున్నా.

నిన్న తెల్లారగానే సునీత ఫోన్. "బాబాయ్, అమ్మ లేవట్లేదు."

మొన్న ఆదివారమే నన్ను ఫోన్లో తిట్టిన మనిషి!

గ్రేస్ వదిన. మా అన్నయ్య భార్య. టీచర్‌గా రిటైరై రేపల్లెలో కూతురు సునీత దగ్గర ఉండేది.

ఇక నేను విన్న మాట: "పాపం, చివర్లో మతి పోయిందంట. ఎలుకని పెంచేది."

మతి పోలేదండి.

పై వాటా వాళ్లు ట్రాన్స్‌ఫరై పోతూ ఒక హ్యామ్‌స్టర్‌ని, అదే పెంపుడు ఎలుకని, అట్టపెట్టెలో వదిలేసి పోయారు. పిడికెడు ప్రాణి.

వదిన పుట్టిల్లు పిట్టలవానిపాలెం. ఎలుక వరి కొడితే ఏమవుతుందో ఆవిడకి ఇంకొకరు చెప్పాలా? చిన్నప్పుడు పొలంలో బోనులు పెట్టిన చెయ్యి. ఆ చేత్తోనే దీనికి ఇల్లు కట్టింది.

చుట్టూ బిగించే ఇనప మెష్ కోసం తెనాలి మా ఇంటికొచ్చి, నన్ను వెంటేసుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్లింది. ఎలుక కోసం అనగానే షాపతను బోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పెట్టండమ్మా, పొద్దున్నకల్లా పడుద్ది."

"పట్టుకోడానికి కాదయ్యా, ఉంచుకోడానికి."

అతను నా వైపు తిరిగాడు. "ఏంటి సార్, అమ్మగారు..."

"ఇటు చూడు బాబూ. ఎలుక నాది. ఆయన ఊరికే వచ్చాడు."

ఇక్కడ ఒక్క మాట. మన తెలుగులో చిలక్కి పంజరం ఉంది, కోడికి గంప ఉంది, గేదెకి కొట్టం ఉంది. ఎలుకకి? బోను. చంపడానికి తప్ప దాన్ని ఉంచడానికి మనం ఒక మాట కూడా పెట్టుకోలేదు. వదినతో ఇదే అంటే, "ఇల్లు అనండి మరిదిగారూ, అరిగిపోతారా?" అంది.

పాత గిన్నెల స్టాండుకి చుట్టూ మెష్ బిగించింది. తలుపుకి ట్రంకుపెట్టె గొళ్లెం. పరిగెత్తే చక్రం కోసం కేకు గిన్నెకి మధ్యలో బెజ్జం కొట్టించి బోల్టు వేసి, కాళ్లు జారకుండా లోపల గోనెపట్టా అంటించింది.

ఆ క్రిస్మస్‌కి అందరం కేకు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

"ఈసారి కేకు లేదు. గిన్నె డ్యూటీలో ఉంది."

ఇదండీ మతి పోయిన మనిషి!

నిన్న సమాధి నుంచి ఇంటికొచ్చాక మా మేనల్లుడు, "ఆ బోను తీసుకెళ్లి చేలగట్టున దులిపేసి వస్తా" అంటూ లేచాడు. సునీతకి దాన్ని ముట్టుకోవాలంటే భయం. వద్దనలేక, సరే అనలేక ఏడుస్తోంది.

గట్టున వదిలితే సాయంత్రం దాకా కాకులు ఆగవు.

"బోను కాదురా, ఇల్లు. నేను తీసుకెళ్తున్నా."

"ఈ వయసులో మీకెందుకు మామయ్యా?"

"మీ అత్తయ్యది ఇంకా పెద్ద వయసు."

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కామెంట్లలో కూడా నవ్వుకోండి. నేను పెంచుతున్నాను.

వదినా, నువ్వు ఇక్కడ ఎవరికీ తగ్గలేదు. ప్రభువు దగ్గర హాయిగా కూర్చో.

ఇవాళ పొద్దున నేనూ, ఇంటితో సహా అదీ తెనాలి పాసింజర్ ఎక్కాం. భట్టిప్రోలు దాటాక అది లేచి, కాసిని నీళ్లు తాగి, మళ్లీ పడుకుంది.