వంతుకు రాని ఇండ్లు

ముందు ఇనుము సిమెంటు రోడ్డును గీరుకుంటూ వచ్చే చప్పుడు వినిపించేది. గర్రుమని సాగి, గతుకు దగ్గర టంగుమని ఎగిరి, మళ్ళీ గర్రుమనేది. ఉప్పల్, నాచారం మధ్య కొత్తగా లేచిన ఆ కాలనీలో, పొయ్యి మీది పాలు పొంగుతాయేమోనని కాచుకున్న వాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. కాసేపటికి సందు మలుపులో సాలమ్మ కనిపించేది. గోచీ పెట్టి కట్టిన చీర, వెనకాల ఈడ్చుకొచ్చే పార. భుజాన వేసుకుంటే బరువు తెలియదు, నిజమే. కాని భుజాన వేసుకున్న పార ఎవరికీ వినపడదు.

"ఈదులమడోల్లూ! కాలువ దీసుడున్నది. ఇంటికొక మనిషి రావాలె!"

ఈదులమడి అంటే బసవరాజు మేడ. రైల్వేలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఆయన, కోస్తా నుంచి వచ్చి ఆ ప్లాటు కొనుక్కున్నాడు. కాలనీ సంఘానికి అధ్యక్షుడు కూడా. గేటుకు ఇత్తడి పలక మీద ఏ పేరు చెక్కించుకున్నా, ఆ చోట ఒకప్పుడున్న వరిమడి పేరుతో, సాలమ్మకు అది ఈదులమడే.

ఒకప్పుడు అక్కడంతా రాళ్ళూ తుమ్మకంపా. పేర్లు కూడా మిగలని మనుషులెవరో వాన నీటి వెంట నడిచి, వాలు కనిపెట్టి, పై చెరువు నుంచి కాలువ తవ్వారు. బండ అడ్డొస్తే కాలువ వంగింది. కాలువ వంగితే గట్లు వంగాయి. ఆ తర్వాత నీళ్ళు మనుషులను చెక్కడం మొదలుపెట్టాయి. ఎవరు ఎవరికి పొరుగు, ఎవరితో వియ్యం, ఎవరితో మాటల్లేవు, అన్నీ కాలువ వెంటే తేలాయి. పెళ్ళి బంతిలో కూర్చునే వరస కూడా మడుల వరసే. తొలకరి తెచ్చే మిరుగు కార్తెకు ముందు మడికొకరు పార పట్టుకొచ్చి పూడిక తీయాలి. అదే వంతు. వంతుకు రాని వాడి మడి నోరు బురదతో మూసేవాళ్ళు. ఎంతటివాడైనా సరే, దిగి తవ్వేదాకా వాడి మడికి చుక్క పారేది కాదు.

మడులు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. గట్ల మీదే తాడు పట్టి గీశారు గనుక సందులూ అలాగే వంగాయి. పచ్చగా మిగిలింది కాలువ చివర సాలమ్మ ఇరవై గుంటల అరెకరమే. తొంభై ఒకటిలో కాలనీ సంఘం, ఆ కాలువ కదలని మురికి గుంట, దోమల పుట్ట, పూడ్చి రోడ్డు వేయండి అని మునిసిపాలిటీకి అర్జీ పెట్టింది. పూడిస్తే ఆమె వరికి నీళ్ళు లేవు. పూడిక తీస్తే నీళ్ళు కదులుతాయి, కదిలేదాన్ని గుంట అనలేరు. సాలమ్మ ఆలోచన అంతే.

నాచారంలో ఒక కంపెనీలో షిఫ్టులు చేసే కొడుకు బాలనర్సింహ తల పట్టుకున్నాడు. "ఎవడొస్తడే అవ్వా? వాళ్ళేమన్న రైతులా? గల్లీల నా ఇజ్జత్ దీస్తున్నవ్."

"భూమి కొన్నరా లేదా? భూమితోని వంతు గూడ వస్తది. కాయితంల రాయకుంటె నాకేంది?"

"రాకుంటే ఏం జేస్తవ్?"

"రివాజున్నది గద."

రమ్మన్న సోమవారం ఎవరూ రాలేదు. సాలమ్మ ఒక్కతే మోకాలి లోతు బురదలోకి దిగింది. ఎండ ఆమె వీపు మీద పండి, ఎర్రబడి, వాలిపోయింది. కాలువ మాత్రం నాలుగు గజాలు కూడా కదల్లేదు.

మంగళవారం తెల్లవారగానే ఆమె ఇండ్ల వెనక నుంచి నడిచింది. ఆ ఇండ్ల స్నానాల నీళ్ళూ, వంటింటి నీళ్ళూ పైపుల్లోంచి కాలువలోకే పడుతున్నాయి. ఒక్కో పైపు నోట్లో బురద కుక్కి, రాయి పెట్టి, కాలితో తన్ని మూసింది.

స్నానానికి దిగిన బసవరాజుకు నీళ్ళు చీలమండలు దాటాయి. తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావమ్మా? బుద్ధుందా నీకు?"

"వంతుకు రాలే సారు. మడి నోరు మూసిన."

"పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలువు. ఎస్సై సారుది గా ఎర్రమడిల ఇల్లు. ఆయనది గూడ మూసిన. ఇప్పుడే తానానికి లేస్తుండొచ్చు."

గోడల మీద నుంచి చూస్తున్న వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. బసవరాజు గడ్డపార తెప్పించాడు. సాలమ్మ పైపుకు వీపు ఆనించి కూర్చుంది.

"తవ్వు సారు. నా నడుం మీదికెల్లి తవ్వు."

అప్పుడు వంటింట్లోంచి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆయన భార్య సూర్యకళ వచ్చింది. "ఏమండీ, కాలువ పూడ్చేస్తే మన ఇంట్లో రోజూ ఇంతేనా?"

"డ్రైనేజీ వేస్తారు."

"ఎప్పుడు?"

బసవరాజు తువ్వాలు బిగించుకున్నాడు. సాలమ్మ వైపు తిరిగాడు. "సరే, కూలివాణ్ణి పంపిస్తాను."

"కూలోడు ఏ బోడుప్పల్లనో ఉంటడు. ఆయన నీళ్ళు ఆడ పోతయ్. నీ నీళ్ళు ఈడ పోతున్నయ్. నువ్వే రా."

ముందు దిగింది సూర్యకళే. పార పిడి ఆమె చేతుల్లో బిత్తరపోయినట్టు ఊగింది.

"గట్ల పొడవకు బిడ్డా, అదేమన్న పామా? మట్టిని గుంజు."

మధ్యాహ్నానికి బసవరాజు లుంగీ ఎగగట్టి, కాన్వాసు బూట్లతో దిగాడు. సాలమ్మ ఆ బూట్లను చూసి నవ్వు ఆపుకోలేదు. దిగిన ఇంటి పైపు తెరుచుకుంది. దిగని వాళ్ళు ఇంట్లో నీళ్ళు బకెట్లతో ఎత్తి సందులో పోసుకున్నారు. శనివారానికి, ముదురు రంగు పట్టుబట్ట ఎవరో మెల్లగా లాగుతున్నట్టు, కాలువ కదిలింది.

సంఘం అర్జీని వెనక్కి తీసుకోలేదు. ఆ ఏటికి పక్కన పెట్టింది. మరుసటి ఏడూ అంతే. ప్రతి మిరుగుకూ కొన్ని ఇండ్లు వస్తాయి, కొన్ని రావు. రాని వాటి పైపులు మూతపడతాయి. సాలమ్మ మడిలో వరి ఈనుతూనే ఉంది.

ఆరేళ్ళు గడిచాక ఆమె కథ రాసుకోవడానికి వచ్చిన మనిషి గట్టు దిగి కాలువలో నిలబడి, ఎప్పటికైనా దీన్ని పూడ్చేస్తారేమో కదా అని అడిగితే, సాలమ్మ పార ఆపలేదు.

"పూడ్సనీ. మల్ల తవ్వుత. నువ్వు జర జరుగు, నీళ్ళొచ్చే కాడ నిలవడ్డవ్."