మొద్దుబారిన కాలిని పట్టుకున్న చేయి

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. ఇరవై రెండేళ్లుగా బోయిగూడలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కంటికి కనిపించి, చేతికి తగిలి, టేపుకు అందేదే నాకు లెక్క. మిగతావన్నీ పని లేనివాళ్ల కబుర్లు అనేవాణ్ణి.

భ్రమ అంటే ఏమిటో కూడా నాకు బాగా తెలుసు. తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరిన మూడో రోజు గోడ నిండా ఎర్రచీమలు పాకుతున్నాయని నర్సులను పిలిచి గొడవ చేశాను. అక్కడ ఒక్క చీమ కూడా లేదు. పదిహేనేళ్ల తాగుడు ఒక్కసారిగా ఆపితే మెదడు అలా ఆడుకుంటుందట. వారానికల్లా చీమలు పోయాయి. ఆ తర్వాత నాకు లేనిదేదీ కనిపించలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చివర్లో మీరు దీన్ని తాగుబోతు మాటలని కొట్టిపారేయకూడదని.

నేను మందును వదిలాను గానీ, మందు నా పాదాలను వదల్లేదు. నరాలు దెబ్బతిని, మడమల నుంచి వేళ్ల దాకా స్పర్శ పోయింది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తొక్కుడు మిషన్ మీద బతికేవాడికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది? పెడల్ మీద కాలు ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చేది.

"లివర్ తొందరగానే కోలుకుంటది. నరాలకు టైం పడుతది. అప్పటిదాకా నీ కాళ్లకు నీ కళ్లే కాపలా" అన్నారు డాక్టరుగారు. గోరువెచ్చని నీళ్లతో కడగాలి, ఆ వేడి కూడా మోచేత్తో చూసుకోవాలి. వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి, కొబ్బరినూనె రాయాలి, రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవాలి. ఇంట్లో కూడా చెప్పులు విప్పకూడదు. వేళకు అన్నం, వేళకు మాత్రలు. నాలుగు నెలలు ఒక్కటీ తప్పలేదు. ఎనిమిది కిలోలు పెరిగాను. అద్దంలో నా మొహం నాకే నచ్చసాగింది.

దాంతో తలబిరుసు వచ్చింది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. మా బస్తీలో తాగుడు మానాలనుకునే వాళ్లలో సగం మంది చేసే పని అదే. నలభై ఒక్క రోజులు ఎవరూ సీసా దగ్గరికి పిలవరు. నిన్నటిదాకా తిట్టినవాళ్లే స్వామీ అని దండం పెడతారు. కాకపోతే మాలలో ఉన్నన్నాళ్లూ కాళ్లకు చెప్పులుండవు.

నా భార్య సుజాత గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "స్వామీ, డాక్టర్ సాబ్ ఏం చెప్పిండు? చెప్పుల్లేకుంట ఎట్ల తిరుగుతరు? గురుస్వామి సుత వేసుకోమన్నడు గద!"

నిజమే, ఒంట్లో బాగాలేనివాళ్లు చెప్పులు వేసుకోవచ్చని మాకు మాల వేసిన గురుస్వామే చెప్పాడు. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "చేస్తే పక్కాగ చేయాలె. నువ్వు పరేషాన్ గాకు" అన్నాను. పదిహేనేళ్లు తాగింది కూడా ఈ మొండితనంతోనే.

తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, ఆ తర్వాత షాపు. అద్దం చూసుకోవడం మానేశాను. ఎలాగూ అరికాళ్లు దుమ్ము కొట్టుకుని నల్లగా ఉండేవి.

పందొమ్మిదో రోజు పొద్దున పదకొండు గంటలకు షాపులో పని చేస్తున్నాను. ఎండ లోపలిదాకా వస్తోంది. బల్లకు అవతల స్టూలు మీద టీచరమ్మ కూర్చుని ఉంది. ఆమె మెట్టుగూడలో ఉంటుంది, రిటైరైన క్రిస్టియన్ టీచరు, కోస్తా వైపు మనిషి. మనవరాలి గౌనుకు అంచు కుట్టించుకోవడానికి వచ్చింది. రెండు రోజులుగా నాకు ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. చన్నీళ్ల వల్ల అనుకున్నాను.

అప్పుడు ఎవరో నా కుడి పాదం పట్టుకున్నారు.

ఉన్నదున్నట్టు చెబుతాను. నాలుగు వేళ్లు అరికాలి కింద, బొటనవేలు పాదం మీద. మెత్తటి, వెచ్చటి చేయి. నొప్పి లేకుండా, కానీ గట్టిగా, పాదాన్ని పెడల్ మీద నుంచి పైకి లేపింది. మిషన్ చక్రం రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. నాకు మొదట కలిగింది భయం కాదు, సంతోషం. ఏడాది తర్వాత నా పాదం నాకు తెలిసింది! పట్టుకున్నది ఎవరన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

"ఏమైంది నాయనా, మొహం అలా అయిపోయిందేంటి?" అంది టీచరమ్మ.

"ఎవరో నా కాలు పట్టుకున్నరు టీచరమ్మా."

ఆమె వంగి బల్ల కిందకు చూసింది. అక్కడ ఎవరూ లేరు. "ఎవరూ లేరు గానీ, ఆ పెడల్ చూడు. అది చీమూ నెత్తురూ కదయ్యా!" అంది.

కాలు తిప్పి చూసుకున్నాను. బొటనవేలి కింద వాచి ఉంది. మధ్యలో నల్ల చుక్క, చుట్టూ ఎరుపు. నాలుగు రోజుల కిందట మిషన్ సూది విరిగితే ఒక ముక్కే దొరికింది. రెండోది చెత్తతో పాటు పోయిందనుకున్నాను. టైలరై ఉండి సొంత షాపులో చెప్పుల్లేకుండా తిరిగాను, అది నా తప్పే. టీచరమ్మే ఆటో పిలిచి ఎక్కించింది.

ఎక్స్‌రేలో సూది ముక్క తెల్లగా కనిపించింది. డాక్టరుగారు దాన్ని కోసి తీస్తుంటే నాకేమీ తెలియలేదు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే వేళ్లు తీసేయాల్సి వచ్చేదని, ఆ తర్వాత పాదం కూడా దక్కేది కాదేమోనని చెప్పారు. పాదం పోతే మిషన్ లేదు. మిషన్ లేకపోతే నేను మళ్లీ సీసా దగ్గరికే పోయేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు, సుజాతకు ఇంకా బాగా తెలుసు.

చేయి సంగతి డాక్టరుగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకోమని, రెండు పాదాల మీదా సన్నటి తీగతో పది చోట్ల ఆనించి ఎక్కడ తగిలిందో చెప్పమన్నారు. ఒక్కటీ చెప్పలేకపోయాను. నరం కోలుకునేటప్పుడు ఒక్కోసారి కరెంటు కొట్టినట్టు ఉంటుందన్నారు. అది కరెంటు కాదు, కరెంటుకు వేళ్లుండవు. జ్వరం వల్ల కావచ్చన్నారు. నా జ్వరం ఆరోజు తొంభై తొమ్మిది దాటలేదు.

సుజాత అది స్వామి చేయి అంటుంది. టీచరమ్మ ప్రభువు చేయి అంటుంది. మా వదిన, పోయిన మా అమ్మ చేయి అంటుంది. బీడీలు చుట్టీ చుట్టీ మా అమ్మ వేళ్లు గరుకుతేలి ఉండేవి, కాబట్టి అమ్మ కాదు. మిగతా ఇద్దరితో నేను వాదించను. నాకు మాత్రం తెలియదు.

మందు మానేసి ఇది మూడో ఏడు. షాపు బాగా నడుస్తోంది, కాళ్లకు ఎప్పుడూ చెప్పులుంటాయి. నా పాదాలు చూసుకునే పని ఇప్పుడు సుజాతది. ఇదివరకు సిగ్గుతో తాకనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు రోజూ పొద్దున కడుక్కుని వచ్చి కూర్చుంటే, కాలు ఒళ్లో పెట్టుకుని అరికాలంతా వెతుకుతుంది.

మొన్న ఒకరోజు కళ్లు గట్టిగా మూసుకుని, "ఆరోజు లెక్క నా పాదం జెర పట్టుకో" అన్నాను. నాలుగు వేళ్లు కింద, బొటనవేలు పైన అని వివరంగా చెప్పాను. చాలాసేపు ఎదురుచూశాను.

"పట్టుకో మరి" అన్నాను.

"ఎప్పటిసంది పట్టుకునే ఉన్న గద" అంది సుజాత.

నాకు ఏమీ తెలియలేదు. ఇంత దగ్గరి మనిషి చేయి తెలియని పాదానికి ఆరోజు ఆ చేయి ఎలా తెలిసిందో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.