మొదటి గుక్క బాబాయిది

బాబాయికున్న జబ్బల్లా ఒక్కటే. ఎదుటివాళ్ళ నోటికందబోయే దేంట్లోనైనా మొదటి వాటా తనదే. చిట్టి చిన్నప్పుడు ఐస్‌క్రీమ్ కొనుక్కుంటే కొస కొరికేది ఆయన. దానికి జ్వరమొస్తే మందు మూతలోంచి ఓ బొట్టు నాకేదీ ఆయనే.

"పిల్లదాని మందు కూడా వదలరా! అదేం తిండియావ అండీ?" అని పిన్ని నెత్తి కొట్టుకునేది.

"రుచి చూశానంతే," అనేవాడు మూతి తుడుచుకుంటూ.

పోనీ ధైర్యస్థుడా అంటే, అబ్బే! బల్లి కదిలితే కుర్చీ ఎక్కుతాడు. మెట్లు దిగేటప్పుడు గోడని పట్టుకోవడం కాదు, వాటేసుకుంటాడు. ఈయనగారి దగ్గరే పెరిగిన చిట్టి ఇవాళ రేడియోలో వార్తలు చదువుతోందంటే, ఆ మైకుని ఆయన ఒకసారి ముట్టుకుని షాక్ కొట్టదని తేల్చుకున్నాకే.

పెరట్లో గోడవార సాల్వియా మొక్కలు చిట్టివి. వేసవి చివరికొచ్చేసరికి నీలం, ఊదా కంకులేసి, తేనెటీగలతో ఒకటే రొద. కంకులేసినవాటితో పేచీ లేదు. వాటి మొదళ్ళ దగ్గర ఇంకా పూయనివి ఉన్నాయే, తంటా అంతా వాటితోనే. కొన్ని టీలో వేసుకునే సేజ్ మొక్కలు. కొన్ని గంటల్లాంటి పూలు పూసే మొక్కలు. రెంటికీ అదే నూగు, అదే ముడతల ఆకు. కానీ ఆ గంటపూల ఆకు కడుపులోకెళ్ళిందా, గుండె లయ తప్పుతుంది. అందుకే వాటినిచ్చిన నర్సరీ ఆవిడ ప్రతి మొక్క పక్కనా పేరు రాసి ఓ పుల్ల గుచ్చి వెళ్ళింది.

మర్నాడే బాబాయి పుల్లలన్నీ పీకేశాడు.

"ఎవరైనా వంగితే కన్ను పోదూ?"

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది బాబాయ్?"

"కళ్ళుంటేగా చూసి తెలుసుకునేది! ముందు కళ్ళుండనీ."

ఇలా ఉండగా చిట్టికి జలుబు చేసింది. ముక్కు బిగదీసుకుపోయింది, గొంతు బొంగురుపోయింది. తెల్లారితే వార్తలు చదవాలి. పాపం పిన్ని గబగబా పెరట్లోకెళ్ళి నాలుగాకులు కోసుకొచ్చి, టీ కాచింది. కప్పు చిట్టి చేతికొచ్చేలోపే బాబాయి అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు. ఆ కప్పుతోనే పెరట్లోకి చక్కాపోయాడు.

చిట్టికి ఒళ్ళు మండింది. ఒంట్లో బాలేని మనిషి దగ్గర కూడానా! పిన్ని ఇంకో కప్పు పోయబోతుంటే అడిగింది, "ఏ మొక్క ఆకులు పిన్నీ?"

"అదే, నీ సేజే. గోడ మూలన పూలు లేకుండా ఉన్నదీ."

చిట్టి పిన్ని చెయ్యి పట్టుకుని ఆపేసింది. గోడ మూలన తను రెండు రకాలూ నాటింది.

 సంగతి వినగానే పిన్ని నర్సరీ ఆవిడకి ఫోన్ చేసింది. ఇద్దరూ పెరట్లోకి పరిగెత్తారు.

బాబాయి బెంచీ మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తన మణికట్టు తనే పట్టుకుని ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. పక్కన కప్పు ఖాళీ.

"బాబాయ్! ఎలా ఉంది?"

"కొట్టుకుంటోంది. నువ్వు తాగలేదు కదా?"

"నేను తాగలేదు. లే, ఆసుపత్రికి పోదాం."

"అమ్మో, సూది వేస్తారే!"

"విషానికి లేని భయం సూదికా!" అని పిన్ని బావురుమంది.

చిట్టి టీ వడకట్టిన ఆకుల్ని తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంది. సేజైతే ఘాటు వాసన రావాలి, ఏ వాసనా లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. తన ముక్కు పనిచెయ్యట్లేదన్న సంగతి ఆ భయంలో గుర్తే లేదు.

ఇంతలో నర్సరీ ఆవిడ రొప్పుకుంటూ వచ్చింది. ఆ ఆకులు ఒక్కొక్కటే నలిపి వాసన చూసింది. పిన్ని చూపించిన మొక్క కాడని వేళ్ళ మధ్య తిప్పింది. చిట్టి ఆవిడ మొహమే చూస్తోంది.

"సేజేనమ్మా. ఈ ఘాటు గంటపూల ఆకుకి రమ్మన్నా రాదు. కాడ కూడా దానిలా గుండ్రంగా కాదు, నలుపలకలుగా ఉంది, చూడండి."

 బాబాయి ఒక కన్ను తెరిచాడు.

"అసలెందుకు తాగావు?" చిట్టి బొంగురు గొంతుతోనే అరిచింది.

"మరీ చేదుగా ఉందే. అనుమానం వచ్చింది. పుల్లలు పీకింది నేనే కదా."

"అనుమానమొస్తే పారబోస్తారు! కప్పంతా తాగుతారా ఎవరైనా?"

"నువ్వు తాగేది కప్పెడు. నేను గుక్కెడు తాగి ఊరుకుంటే ఏం తేలినట్టు?"

 చిట్టికి మందు మూత గుర్తొచ్చింది. మైకు గుర్తొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి.

"ఇన్నేళ్ళూ నిన్ను తిండిపోతువనుకున్నాం కదా బాబాయ్!"

"ఐస్‌క్రీమ్ మటుకు నిజమేలే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆ సాయంత్రమే నర్సరీ ఆవిడ మళ్ళీ పుల్లలు తెచ్చింది. చిట్టి ప్రతి పుల్ల పైకొసకీ దూది చుట్టి దారంతో కట్టింది. మొదటిది గుచ్చబోతుంటే బాబాయి చటుక్కున లాక్కున్నాడు. కళ్ళు మూసుకుని, ఆ దూది కొసని తన రెప్పమీద నొక్కి చూసుకున్నాడు.

"ఊఁ, పర్లేదు," అని రెండోదానికి చెయ్యి చాపాడు.