నాకు దొరకనిది మా యారాలికి దొరికింది

మా యారాలు పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను పూజగదిలో వత్తులు తడుపుతుండగా సంగారెడ్డి ఆసుపత్రి నుంచి మా మరిది ఫోన్ చేశాడు.

"వదినా, పోయింది. నిద్రల పోయినట్టే పోయింది. మొఖం మంచిగనే ఉండె" అన్నాడు.

ఆమె ఆయన భార్య, నాకు తోడికోడలు. మా దిక్కు యారాలు అంటాం. ముప్ఫై ఏళ్లు ఒకే వాకిట్లో బతికాం. ఆ కబురు వినగానే నాకు ఏడుపు రావాలి. రాలేదు. 'దీనికి చావు కూడా మంచిగనే దొరికిందా' అన్న మాట ముందు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది. కానీ ఏది ముందు వచ్చిందో దాచిపెట్టి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు.

నేను అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. మా ఊరు బొంతపల్లికి దగ్గరే. భక్తి నాకు పుట్టింటి నుంచి వచ్చింది. సోమవారాలు ఉపవాసం, శుక్రవారం కుంకుమపూజ, కార్తీకమంతా చన్నీళ్ల స్నానం. మా వాడ భజన మండలిలో ముందు కూర్చుని తాళాలు పట్టేది నేనే. ఇన్ని చేసినా, నిజం చెప్పాలంటే, నా లోపల ఎన్నడూ ఏమీ జరగలేదు. హారతి కళ్లకద్దుకుంటూనే వంటింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో చూసుకునేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అందరికీ ఇంతే అయి ఉంటుందిలే అని సర్దుకున్నాను. మా యారాలు కాపురానికి వచ్చేదాకా సర్దుకున్నాను.

వచ్చిన కొత్తలో మా అత్తమ్మ ఆమెను దీపం పెట్టమంది. అగ్గిపుల్ల గీసి, దీపం ముట్టించి, వెంటనే బయటికొచ్చి వాకిలి ఊడ్వడం మొదలుపెట్టింది.

"దండం వెట్టినవా?" అని అడిగింది అత్తమ్మ.

"మర్సిపోయిన అత్తమ్మా" అని నవ్వుతూ మళ్లీ లోపలికి పోయింది.

దేవుడు లేడని ఆమె ఎన్నడూ అనలేదు. పూజలు చేసేవాళ్లను ఎగతాళి చేయలేదు. గుడికి రమ్మంటే వచ్చేది, రమ్మనకపోతే ఆమెకు గుర్తుండేది కాదు, అంతే. నాలుగెకరాల్లో మూడు పోయి ఒక్క ఎకరం మిగిలిన ఇల్లు మాది. పిల్లలు బడికి పోయే వయసు రాగానే ఆమె బొల్లారంలో ఒక మందుల కంపెనీలో చేరింది. గోలీలను అట్టల్లో కూర్చే మిషను దగ్గర పని. ఎనిమిది గంటలూ నిలబడి, దడదడలాడే ఆ చప్పుడులో ఉండాలి.

పొద్దున షిఫ్టు అయిన రోజున కంపెనీ బస్సు మధ్యాహ్నం రెండున్నరకల్లా రోడ్డు మీద దింపేది. అక్కడి నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఆమె మాత్రం మూడున్నర దాటాక వచ్చేది. ఆ వచ్చేటప్పుడు ఆమె ముఖం చూడాలి. పొద్దున నాలుగింటికి లేచి, నిలువుకాళ్ల మీద పనిచేసి వచ్చిన మనిషి ముఖం కాదది. అప్పుడే తలంటుకుని సాంబ్రాణి పట్టించుకున్నట్టు తేటగా ఉండేది. పూజ చేసుకుని, ఊళ్లోనే అంగన్‌వాడీకి పోయొచ్చి, అన్నం తిని కునుకు తీసిన నేను అద్దంలో చూసుకుంటే నాకు అలాంటి ముఖం ఎన్నడూ కనపడలేదు.

మొదట నాకు అనుమానం వచ్చింది. ఎవరో ఉన్నారనుకున్నాను. ఒకరోజు చింతచిగురు కోసుకొస్తానని అత్తమ్మకు చెప్పి బయల్దేరి, రోడ్డు దగ్గర నుంచి దూరంగా ఆమె వెనకే నడిచాను.

ఆమె మా ఎకరం దిక్కు మళ్లింది. అక్కడ బోరు నీళ్లు పడే సిమెంటు హౌజు ఒకటి ఉంది. చెప్పులు విడిచి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, హౌజు గోడ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో వేసింది. నేను జొన్నచేను గట్టున ఒదిగి కూర్చున్నాను. ఎవరో ఒకరు రాకపోతారా అని చూస్తున్నాను. ఎవరూ రాలేదు. ఎవరిదో బర్రె ఒకటి వచ్చి నీళ్లు తాగి పోయింది. ఆమె కదల్లేదు. కళ్లు మూసుకోలేదు, పెదవులు ఆడించలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. చాలాసేపటికి, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు తలెత్తి చిన్నగా నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెప్పులేసుకుని ఇంటికి పోయింది.

అక్కడ మగమనిషి ఎవరైనా ఉండి ఉంటే నాకు అంత మండేది కాదు. ఆమె ఒక తప్పు చేసింది, నేను చేయలేదు అనుకుని హాయిగా ఇంటికి పోయేదాన్ని. ఎవరూ లేకపోయేసరికి చేతికందిన జొన్నాకును ముక్కలు ముక్కలుగా చింపాను. ఇరవై ఏళ్ల ఉపవాసాలతో నేను అడిగింది అదే. ఆ తడి కళ్లే. ఒక్క పువ్వు పెట్టకుండా, ఒక్క స్తోత్రం చదవకుండా, బర్రెలు తాగే నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఆమె దాన్ని తీసుకుని పోయింది.

ఆ సాయంత్రమే అత్తమ్మ దగ్గర కూర్చుని నేను చేయకూడని పని చేశాను.

"అత్తమ్మా, చిన్నది బోరు కాడ ఒక్కతే కూసుంటున్నది. తనల తానే నవ్వుతున్నది, ఏడుస్తున్నది. గాలి గిట్ట సోకిందేమో" అన్నాను.

గాలీ లేదు, ధూళీ లేదు అని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అత్తమ్మ భయపడిపోయింది. మర్నాటి నుంచి బస్సు దిగగానే మా మరిది బండి మీద నేరుగా ఇంటికి తీసుకురావాలని, నలభై రోజులు తాయెత్తు కట్టుకోవాలని, ప్రతి గురువారం భజనకు రావాలని తీర్మానమైంది. మా మరిది నసిగాడు గానీ తల్లికి ఎదురుచెప్పలేదు. యారాలు చేయి చాపి తాయెత్తు కట్టించుకుంది.

"ఎవలు జెప్పిన్రు అత్తమ్మా?" అని మాత్రం అడిగింది.

"సూసినోళ్లు జెప్పిన్రు" అంది అత్తమ్మ.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

గురువారం భజనకు వచ్చింది. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది. నేను ముందు కూర్చుని తాళం వేస్తూ, ప్రసాదం అందరికీ సరిపోతుందా, పక్కింటామె చీర కొత్తదేనా అని చూసుకుంటూ గొంతెత్తి పాడుతున్నాను. మధ్యలో ఎందుకో వెనక్కి తిరిగాను. ఆమె ముఖం మళ్లీ అలాగే ఉంది. హౌజు దగ్గర చూసిన ముఖమే. నేను అక్కడి నుంచి లాగి పడేశాననుకున్నది ఆమె వెంటే వచ్చింది. నా తాళం తప్పింది. నన్ను చూసి మొత్తం మండలికే తాళం తప్పింది.

ఇంటికి నడుస్తూ ఆగలేక అడిగాను.

"అక్కడ ఏం గనిపిచ్చిందే నీకు?"

"ఎక్కడ అక్కా?"

"భజనల. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నవ్ గద."

"ఏం గనిపియ్యలే. మీరు పాడ్తుండ్రి, పైన ఫ్యాను తిరుగుతుండె. ఊకనే మంచిగనిపిచ్చింది."

"దేవుడేనానే?"

"ఏమో అక్కా. నాకు దాని పేరు తెల్వదు" అంది.

ఆ మాట నాకు చాలా ఏళ్లు గుచ్చుకుంది. నాకు నూటెనిమిది పేర్లు కంఠతా వచ్చు.

నలభై రోజులయ్యాక అత్తమ్మే తాయెత్తు విప్పేసింది. యారాలు మళ్లీ హౌజు దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. తర్వాత అత్తమ్మ కాలం చేసింది. మా ఆయన కూడా పోయాడు. ఆ ఏడాదంతా నా బట్టలు ఉతికింది, నాకు అన్నం పెట్టింది యారాలే. తినకుండా కూర్చుంటే 'ధైర్యం తెచ్చుకో' అనలేదు, 'దేవుడున్నాడు' అనలేదు. పక్కన కూర్చుని కంచం ఒళ్లో పెట్టుకుని, నేను తినేదాకా తనూ తినకుండా ఉండేది. ఆమె చేతి అన్నం తింటూ కూడా, ఈ మనిషి ఇంత నెమ్మదిగా ఎట్లా ఉండగలుగుతుంది అని లోపల కుళ్లుకునేదాన్ని. ఉపకారం పొందుతూ కుళ్లుకోవడం ఎంత నీచంగా ఉంటుందో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఒక ఆదివారం ఎవరూ చూడకుండా నేనే హౌజు దగ్గరికి పోయాను. చెప్పులు విడిచి కాళ్లు నీళ్లలో వేశాను. మొదట చల్లగా ఉంది. తర్వాత చీమలు కుట్టాయి. గాలి మళ్లి కంపెనీల వాసన వచ్చింది. బియ్యం నానబెట్టానా లేదా అని అనుమానం వచ్చింది. ఏం చేయాలో తోచక అలవాటు కొద్దీ నూటెనిమిది పేర్లు మొదలుపెట్టాను. యాభై దాటుతుండగా వెనక నుంచి చప్పుడైంది. యారాలు. నన్ను చూసి ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని తనూ కాళ్లు నీళ్లలో వేసి, కొంగులో కట్టుకొచ్చిన పల్లీలు సగం నా చేతిలో పోసింది.

"ఎట్ల కూసుంటవే నువ్వు?" అని అడిగాను. సిగ్గు విడిచి అడిగాను.

"గిట్లనే."

"మనసుల ఏమనుకుంటవ్?"

"అనుకునుడు ఏం ఉండదక్కా. మిషను కాడికెళ్లి వచ్చినంక గూడ చెవులల్ల ఆ సప్పుడు పోదు. గది పోయేదాంక కూసుంట. జల్దీ పోవాల్నని సూస్తె అస్సలు పోదు. అదే పోతది. పోయినంక ఇగ అదొస్తది."

"ఏదొస్తది?"

"అదే." నవ్వింది.

"నువ్వు నాకు చెప్తలేవు. దాస్తున్నవ్."

ఆమె నవ్వు ఆగింది. నా వైపు తిరిగి, "దాసుకునేటిదే అయితే నీకు ఇయ్యకుంట ఉంటనా అక్కా?" అంది. అబద్ధం చెప్పే మనిషి కాదని తెలిసి కూడా ఆ రోజు పల్లీలు గట్టు మీద పారేసి, చరచరా ఇంటికొచ్చేశాను.

ఈ ఏడాది మొదట్లో ఆమె కడుపులో గడ్డ బయటపడింది. అప్పటికే చేయి దాటిపోయింది. సంగారెడ్డి ఆసుపత్రిలో పగలంతా ఆమె దగ్గర నేనే ఉండేదాన్ని. పొద్దున్నే విభూతి తీసుకుపోయి నుదుటికి పెట్టేదాన్ని, పెట్టనిచ్చేది. పక్క మంచం ఆమె నొప్పికి అరుస్తుంటే యారాలు ఆమె చేయి పట్టుకుని ఉండేది. డాక్టరు ఇంక కొద్ది రోజులే అన్న మధ్యాహ్నం, మా మరిది మందులకు కిందికి పోయినప్పుడు, నేను ఇక మోయలేకపోయాను.

"అత్తమ్మకు చెప్పింది నేనే" అన్నాను. "నీకు గాలి సోకలేదని తెలిసే చెప్పిన."

"తెలుసక్కా" అంది.

"తెలుసా?"

"పచ్చ జొన్నచేన్ల ఎర్ర చీర గట్టుకొని కూసుంటివి. గనపడవనుకున్నవా?"

"మరి ఒక్క మాటన్న అనకపోతివేందే?" అన్నాను.

"ఏమంట? నువ్వు గూడ గదే ఎతుక్కుంట తండ్లాడుతున్నవనిపిచ్చింది." కొంచెం ఊపిరి తీసుకుని, "అయినా నేను గూడ నిన్ను సూసి కుళ్లుకున్న గద, మస్తు సార్లు" అంది.

"నన్ను సూసా?"

"జొన్నరొట్టె జేసేటప్పుడు. పిండి కొట్టుకుంట కొట్టుకుంట నువ్వు ఎటో పోతవ్. పిలిస్తె ఇనవ్. గొంతుల ఏందో సన్నగ తీస్తుంటవ్, పాట గాదు ఏం గాదు. నేను వంటింటి కడప కాడ నిలవడి ఇంటుంటి. నాకు కంపెనీల ఎనిమిది గంటలు అయినంక వచ్చేది నీకు పొయ్యి ముంగటనే వస్తుండె."

"నాకు తెల్వనే తెల్వదు గదనే."

"తెలిస్తె ఉంటదా మరి?" అని కళ్లు మూసుకుంది.

అది విని నాకు సంతోషం కలగాలి కదా. బస్సులో ఇంటికొస్తూ కిటికీ పక్కన కూర్చుని నేను కోపంతో ఏడ్చాను. ఇన్నేళ్లు నేను వెతికింది నా దగ్గరే ఉందట. అదైనా నాకు కనపడలేదు, ఆమెకే కనపడింది. దాన్ని గడప దగ్గర నిలబడి విన్నది ఆమె. నేను ఒక్కనాడూ వినలేదు. తన సంతోషంతో పాటు నాదీ ఆమే అనుభవించి పోతోంది అనిపించింది. ఆ కోపం దిగకముందే, నాలుగో రోజు పొద్దున మా మరిది ఫోన్ వచ్చింది.

దినాలైపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. పూజ నేను మానలేదు, మానాలని అనిపించలేదు కూడా. కుక్కర్ కూతలు మాత్రం ఇప్పుడు అంతగా వినపడడం లేదు. మా మరిదికి రెండు పూటలా నేనే వండి పెడుతున్నాను. మొదటి వారం రొట్టె చేస్తున్నప్పుడల్లా చెవులు నా గొంతు మీదే పెట్టాను. పిండి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె చచ్చిపోయే ముందు నన్ను ఓదార్చడానికి అబద్ధమాడి ఉంటుందని కూడా అనుకున్నాను. తర్వాత పనిలో పడి ఆ మాటే మరిచిపోయాను.

మొన్న పొద్దున రొట్టెలు చేస్తూ, ఎందుకో తలెత్తాను. మా మరిది వంటింటి గడప దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎంతసేపాయె వచ్చి? పిలువకపోతివి?"

"జెరసేపాయె వదినా" అన్నాడు. "పిలవబుద్ధి కాలే."

ఏం విన్నావని అడగాలనుకున్నాను. ఆయన మీద కూడా కుళ్లు పుట్టింది నాకు. అడగలేదు. నా రెండు చేతులూ మణికట్ల దాకా తెల్లటి పిండితో ఉన్నాయి. పెనం మీది రొట్టె ఒక పక్క నల్లగా మాడిపోయి, సన్నగా పొగ లేస్తోంది.