పక్క పడవ సత్తిబాబు

ఏడో తరగతిలో బడి మానేసిన నేను ఇప్పుడు షూటింగులకు మోటారు పడవ నడుపుతున్నాను. నిరుడు వానాకాలం జూబ్లీహిల్స్ దిగువన చెరువులో పాట తీస్తున్నారు. నా పడవలో నలుగురు డాన్సర్ అమ్మాయిలు. ఒంటినిండా బరువైన లెహంగాలు, ఎవరికీ ఈత రాదు.

ఉన్నట్టుండి గాలివాన. యూనిట్ అంతా కెమెరాలు కప్పుకుని వ్యాన్లలోకి పరుగెత్తింది. గట్టున పడవ ఆపే చోటు ఒక్కటే, సత్తిబాబు పడవ పక్కన. నాలాగే పడవ నడిపే అతన్ని ఆ రోజే మొదటిసారి, కదలొద్దని చెప్పి, షాట్‌లో కూర్చోబెట్టారు. గాలి తోపుకు మోటారు చాలడం లేదు; అతను తాడు అందుకోకపోతే మేం బండరాళ్ల మీదికి పోవడమే.

తాడు విసిరాను. అతను బొమ్మలా ఎటో చూస్తున్నాడు. తాడు నీళ్లలో పడింది.

“చెవుడా ఏందయ్యా? తాడు పట్టు!”

“కట్ చెప్పలేదు కదండీ!” అన్నాడు తల తిప్పకుండా. “పొద్దున్న నేను ఇటు చూసినందుకే మూడు టేకులు పోయాయి. మళ్లీ తిట్లు తినలేను.”

“నేన్ జెప్తున్న, కట్!”

“మీరు చెబితే చెల్లదండీ. డైరెక్టరుగారు చెప్పాలి.”

పడవ ఒకసారి రాయికి తగిలింది. అమ్మాయిలు ఏడుపు అందుకున్నారు.

“సీన్ మారింది సత్తిబాబూ! మమ్మల్ని కాపాడే హీరోవి నువ్వే. యాక్షన్!”

మళ్లీ విసిరిన తాడును ఒక్క గెంతులో అందుకుని మా పడవను తన పడవకు కట్టేశాడు. అమ్మాయిలను ఒక్కొక్కరినే చెయ్యిచ్చి ఒడ్డుకు దించాడు. తర్వాత తడిసిన జుట్టు వెనక్కి దువ్వుకుని, “ఓకేనాండీ? ఇంకోటి చేద్దామా?” అన్నాడు.

“వద్దులేవయ్యా,” అన్నాను.

ఒక్క టేకులో ఓకే అయిన ఫైట్ సీను నేను చూడలేదు గానీ, కాపాడే సీను మాత్రం చూశాను. తీసినవాళ్లే లేరు.

– యాదగిరి, కృష్ణానగర్