దున్నను కాల్చింది ఎవరు

మా వీధి ఆడవాళ్లలో మద్రాసు చూసినవాళ్లున్నారు, బొంబాయి చూసినవాళ్లున్నారు. ఆఫ్రికా అడవిలో కూర్చుని రాగిసంకటి కెలికినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు అని రాద్దామనుకున్నాను గానీ, గొప్ప కోసమే చెబుతున్నాను. ఈ వయసులో ఆ మాత్రం గొప్ప చెప్పుకోకపోతే అంత దూరం వెళ్లి ఏం లాభం?

రాయచోటి దగ్గరి పల్లె నుంచి నేను కువైట్ వెళ్లింది ఇంటిపనికి. రుమైథియాలో ఒక పెద్ద ఇల్లు. యజమానురాలికి భర్త లేడు. ఉన్న ఒక్క కొడుకు పెళ్లి చేసుకుని లండన్‌లో ఉండేవాడు. అక్కడ ఇంటావిడను మామా అని పిలవాలి. మీసాలు లేని మనిషిని మామా అనడానికి మొదటి వారం నాకు నవ్వు ఆగలేదు. మా ఊళ్లో మీసాలున్న మామలందరినీ కలిపినా ఈమె ముందు దిగదుడుపేనని తర్వాత తెలిసింది. ఆమె మాట్లాడింది అరబ్బీనే, కానీ ఆ గట్టితనం, ఆ సూటితనం వల్ల నా చెవికి మా సీమ మాటలాగే వినపడేది. అందుకని ఇక్కడ కూడా అట్లాగే రాస్తున్నాను.

మామాకు వేట పిచ్చి. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లేవారట. ఆయన పోయాక ఇక బుద్ధిగా ఇంట్లో కూర్చుంటుందని చుట్టాలు అనుకున్నారు. ఆమె భర్త తుపాకీకి నూనె రాసి, తుడిచి, నన్ను కేకేసింది.

"మే, గుడ్డలు సర్దుకో. ఆఫ్రికాకు పోతాండాం. భయపడాకు, ఆడ పులులుండవు. సింహాలే."

అట్లా మొదలైంది. రెండు పెద్ద విమానాలు మారి, మా ఊరి ఆటో కంటే ఒక మెట్టు పెద్దదైన చిన్న విమానం ఎక్కి టాంజానియా అడవిలో దిగేవాళ్లం. ఆ చిన్న విమానంలో నేను కడుపులో ఉన్నదంతా కక్కుకుంటుంటే మామా గురక పెట్టి నిద్రపోయేది. దిగగానే గుడారాలు, నెగడు, వేడినీళ్లు, అన్నీ సిద్ధంగా ఉండేవి. వేట గైడు ఎండకు ఎర్రగా కాలిపోయిన ఒక తెల్లాయన. ఏ జంతువును కాల్చవచ్చు, దేన్ని ముట్టకూడదు, దానికి ఏ అనుమతి కావాలి, అంతా ఆయన చూసుకునేవాడు. డబ్బు కట్టి వచ్చిన వాళ్లు ఎంత గొప్పవాళ్లైనా అడవిలో ఆయన వెనకే నడవాలి.

నడిచేటప్పుడు మాటలు ఉండకూడదు, అన్నీ చేతి సైగలే. అరచెయ్యి ఎత్తితే ఆగాలి. కిందికి దించితే కూర్చోవాలి. పెదవుల మీద వేలు పెడితే నోరు మూసుకోవాలి. ఆ మూడో సైగ ఎక్కువగా మామా కోసమే. జిరాఫీ కనిపిస్తే చాలు, "యా అల్లా, దాని మెడ చూడుమే!" అని అరిచేది. చెట్టుకింద ఉన్న మంద మొత్తం ధూళి లేపుకుంటూ పరుగెత్తేది. గైడు టోపీ తీసి ఆకాశం వైపు చూసేవాడు. నోరా, వీపుకు చేటు తేకే అని మా అమ్మ ఎవరిని చూసి అనేదో గానీ, ఆ మాట మామాకు కొలిచి కుట్టినట్టు సరిపోయేది.

నా పని టీ ఫ్లాస్కు, నమాజు చాప మొయ్యడం, సాయంత్రం వండటం. జింక మాంసానికి మా కడప ఎర్రకారం పట్టించి నిప్పుల మీద పెడితే, గైడు కళ్లనీళ్లు కారుస్తూ తినేవాడు, తింటూనే పళ్లెం ముందుకు చాపేవాడు. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ ఒళ్లంతా గుర్తుంది. ఆ గుడారం దగ్గర నేను అంట్లు తోమే పిల్లను కాదు. మామా, నేను ఒకే నెగడు దగ్గర కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లం.

మూడోసారి వెళ్లినప్పుడు దున్న దొరికింది. అడవిదున్నను కాల్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు అతిథి కాల్చాలి. గైడు తన తుపాకీ ఎత్తి పక్కనే నిలబడతాడు. దెబ్బ తిన్న దున్న తిరగబడితే మనిషి మిగలడు కాబట్టి, అతిథి గురి తప్పితే వెంటనే గైడు కాలుస్తాడు. ఆ రెండో తూటా అంటే వేటకు వచ్చేవాళ్లకు పరమ చికాకు. అది పేలిందంటే ఆ జంతువు ఎవరిదన్న తగవు మొదలైనట్టే.

ఆ రోజు రెల్లుగడ్డి అంచున దున్న తలెత్తి మమ్మల్ని చూసింది. అప్పిచ్చినవాణ్ణి చూసినట్టు కాదు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు చూసింది. మామా కాల్చింది. దున్న ముందు మోకాళ్ల మీద కూలబడింది. సరిగ్గా అప్పుడే గైడు తుపాకీ కూడా పేలింది. ఆ తూటా వెనక చెట్టుకు తగిలి బెరడు లేచిపోయింది. ఇది నేను ఈ రెండు కళ్లతో చూశాను. గైడే మామాను ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి గాటు చూపించి, టోపీ తీసి వంగాడు.

తర్వాత ఫోటో తీశారు. దున్న పక్కన మామా, ఆమె ఒళ్లో తుపాకీ. వెనక తన తుపాకీ పట్టుకుని గైడు. ఒక చివర ఫ్లాస్కుతో నేను. ఆ ఫోటోను పెద్దది చేయించి మామా నట్టింట్లో తగిలించింది. తగిలించిన మొదటి శుక్రవారమే ఆమె మరిది వచ్చి దాని ముందు నిలబడి నవ్వాడు.

"గైడు కాల్చింటాడు. మా వదిన బొమ్మ తీయించుకోను కూచోనింటాది."

మామా ముఖం కందగడ్డలా అయిపోయింది. వంటింటి వైపు తిరిగి ఇల్లు అదిరేటట్టు అరిచింది. "మే! ఇట్ల రా! దున్నను కాల్చింది ఎవురో చెప్పు!"

పిండి చేతులతోనే వచ్చి సాక్ష్యం చెప్పాను. ఇక ఆ రోజు నుంచి అదే నా రెండో ఉద్యోగం. ఎవరు ఇంటికొచ్చినా టీ తర్వాత నేను. మామా కూర్చున్న తీరు, దున్న కూలిన తీరు, చెట్టు బెరడు, అన్నీ ఆడి చూపించేదాన్ని. ఏడాది తిరిగేసరికి నా కథలో దున్న ఏనుగంత అయింది. మామా వద్దనలేదు.

నాలుగో ప్రయాణానికి పెట్టె సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకున్నాం. అది ఆగస్టు నెల. బియ్యం, పప్పు, డబ్బా చేపలు, టార్చిలైట్లు, చిన్న స్టవ్వు, మందులు, రాగిపిండి మూట, అన్నీ అందులోనే. పొద్దున్నే లేచేసరికి వీధిలో ఇరాక్ సైన్యం ఉంది.

విమానాలు లేవు, ఫోన్లు లేవు. మొదటి నాలుగు రోజులు ఏడ్చాను. ఐదో రోజు మామా ఆ పెట్టె తాళం తీసి, స్టవ్వు నట్టింట్లో పెట్టి, "ఆఫ్రికా అనుకోమే, టీ పెట్టు," అంది. కిటికీలు మూసుకుని, చాప మీద కూర్చుని, అడవికని కొన్న సరుకులతో వండుకు తిన్నాం. వీధిలో ట్యాంకు పోతుంటే మామా వేలు పెదవుల మీద పెట్టి గైడులా కళ్లు తిప్పేది. నవ్వు ఆపుకోలేక నేను చెంగు నోట్లో కుక్కుకునేదాన్ని. ఊరు మునిగిపోతుంటే నవ్వేమిటని ఎవరైనా అంటే అనుకోనీ. ఆ నవ్వే లేకపోతే మేమిద్దరం పిచ్చివాళ్లమయ్యేవాళ్లం.

మనవాళ్లంతా బస్సులు పట్టుకుని బాగ్దాద్ మీదుగా ఇళ్లకు పోతున్నారని తెలిసింది. నువ్వూ పొమ్మంది మామా. ఆమెను వదిలిపోవడానికి నాకు అభ్యంతరం లేదు గానీ ఆమె నోటిని వదిలిపోవడానికి భయం వేసింది. ఎందుకంటే అప్పటికే సైనికులు ఇల్లిల్లూ తిరిగి ఆయుధాలు వెతుకుతున్నారు. తుపాకీ దొరికిన ఇంటివాళ్లను పట్టుకుపోతున్నారు, పోయినవాళ్లు తిరిగి రావడం లేదు.

"వాళ్లకు ఇచ్చేద్దాం మామా," అన్నాను.

"నా మొగుని బందూకు వాళ్ల చేతికిస్తానా? నన్ను కాల్చి తీసుకుపోమను."

"పోనీ పాతిపెడదాం."

"తుప్పు పట్టిపోతాది!"

ప్రాణం పోయినా పరవాలేదు, తుప్పు మాత్రం పట్టకూడదు. ఇట్లాంటి మనిషితో ఏం వేగను? చివరికి దారి నాకే తట్టింది. వంటింటి వెనక, గోడ నీడన, పాత గుడారం కర్రలతో నేను అప్పటికే ఒక పందిరి వేసుకుని ఉన్నాను. ఊరి నుంచి తెచ్చిన సొరవిత్తనాలు పెట్టి రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేదాన్ని. ఎండలు తగ్గేకొద్దీ తీగ గుబురుగా అల్లుకుని కాయలు దిగాయి. తుపాకీకి నూనె గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఆ పైన గోనెపట్టా చుట్టి, పందిరి పైకర్రకు ఆనించి పురికొసతో కట్టేశాను. తీగను దాని మీదికి పారించాను. తూటాలు మురుగు గుంటలో వేశాం. ఆ పనంతా అయ్యాక మామా కిందనుంచి చూసి, "నా మొగుడు చూసింటే నిన్ను ముద్దు పెట్టుకునేవాడు," అంది.

ఇద్దరికీ ఉన్న తెలివి అంతే. తుపాకీని దాచాం. నట్టింట్లో ఫోటోను మాత్రం మరిచిపోయాం. రోజూ చూసే వస్తువు కంటికి ఆనదు కదా.

వాళ్లు ఒక మధ్యాహ్నం వచ్చారు. ఒక అధికారి, వెంట ముగ్గురు సైనికులు. పరుపులు చించారు, అలమరలు గుమ్మరించారు. అధికారి అన్నీ చూసి ఫోటో ముందు ఆగిపోయాడు. దాన్ని గోడ నుంచి తీసి చంకలో పెట్టుకుని, మమ్మల్ని పెరట్లోకి నడవమన్నాడు. వెలుతురు బాగుందని కాబోలు, సరిగ్గా సొరపందిరి కిందే నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా కళ్లు పైకి పోబోతుంటే, బలవంతంగా ఆయన బూట్ల మీద పెట్టుకున్నాను.

"ఈ బందూకు యాడ?" అని మామాను అడిగాడు. ఆమె నోరు విప్పేలోపే నావైపు తిరిగి ఫోటో చివర వేలు పెట్టాడు. "ఇది నువ్వే కదా? నువ్వు ఇండియాదానివి, నీకెందుకు ఈ పీడ? నిజం చెప్పి ఈ పొద్దే బస్సెక్కి పో."

నిజంగా బస్సు కళ్ల ముందు మెదిలింది. నాకేం సిగ్గు లేదు, చెబుతున్నాను. కానీ నోట్లోంచి వచ్చిన మాటలు వేరే.

"అది గైడుది సారూ."

"ఇందులో రెండు బందూకులు ఉండాయి."

"రెండూ ఆయనవే సారూ. ఆ దున్నను కాల్చింది కూడా ఆయనే. డబ్బున్నోళ్లు అంత దూరం పోతారు, ఆయన కాలుస్తాడు. సచ్చినాక ఈమెను పక్కన కూచోబెట్టి, చేతికి బందూకిచ్చి బొమ్మ తీస్తారు. మా ఊరి స్టూడియోలో అట్ట మోటారుసైకిలు మీద ఎక్కించి తీసినట్లు. ఈమె దోమను కూడా చంపలేదు సారూ."

సైనికులు పగలబడి నవ్వారు. అధికారికి కూడా మీసం కదిలింది. కానీ నేను వాళ్లను చూడటం లేదు, మామాను చూస్తున్నాను. మెడ నరాలు ఉబ్బాయి. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. మరిది అన్న ఆ ఒక్క మాటకు ఏడాదిపాటు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ సాక్ష్యం చెప్పించిన మనిషి. ఇప్పుడు ఆ సాక్షే నలుగురు పరాయి మగాళ్ల ముందు ఎదురు తిరిగింది. ఒక్క అరుపు చాలు. నేనే కాల్చాను, నా బందూకుతోనే కాల్చాను అని ఒక్క అరుపు, ఖలాస్, ఆమెను తీసుకుపోతారు.

అధికారి నవ్వు ఆపి ఆమె వైపు తిరిగాడు. "నిజమేనా?"

మామా నోరు తెరిచింది. "నేను..." అంది. నాకు తెలిసిన దేవుళ్లందరినీ, తెలియని ఆమె దేవుణ్ణీ ఒకేసారి తలుచుకున్నాను.

"నేను కూచోనింటి. అంతే," అంది మామా. "కాల్చింది గైడే. బందూకు పేలితే నేను చెవులు మూసుకుంటా."

అలా అంటూ ఆమె ఏడ్చింది. నాటకం కాదు, నిజం కన్నీళ్లు. ముసలావిడ సిగ్గుపడుతోందనుకుని అధికారి ఫోటో నా చేతిలో పెట్టేశాడు. ఒక సైనికుడు సొరకాయ మీద చెయ్యి వేయబోతే ముందుకు దూకి నేనే తుంచి ఇచ్చాను. తలా ఒకటి పట్టుకుని, మా పెట్టెలోని డబ్బా చేపలు కూడా ఏరుకుని, వెళ్లిపోయారు.

గేటు గడియ పెట్టి వచ్చేసరికి మామా పందిరి కింద నేల మీద కూర్చుని ఉంది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. దున్న ఎదురుగా నిలబడినప్పుడు చలించని ఆ ముఖం ఇట్లా వాడిపోవడం చూస్తుంటే దుఃఖం ఆగలేదు. ఆ ఒక్క ముక్క పలకడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకంటే తెలిసినవాళ్లు ఈ లోకంలో లేరు. మా అమ్మను కూడా అంత ప్రేమగా నేను ఏనాడూ చూడలేదు.

"మే, దగ్గరికి రా," అంది. అంత మెల్లగా ఆమె మాట్లాడగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

వెళ్లి పక్కన కూర్చున్నాను.

"చెప్పు. దున్నను కాల్చింది ఎవురు?"

"మీరే మామా."

"నువ్వు చూసినావా?"

"చూసినా. మీ తూటాకే కూలబడింది. ఆయనది చెట్టుకు తగిలింది."

"గట్టిగా చెప్పాకు," అంటూ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపటికి చెయ్యి తీసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఇంగోసారి చెప్పు."